తూకం కాదు, తలల లెక్క: మా బంగాళాదుంప ప్రాజెక్టు డైరీ

నవంబర్ 6

మా బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడ ఇవాళ కాకరకాయలు చక్రాల్లా తరిగి, ఉప్పు రాసి పక్కన పెట్టారు. పావుగంటలో పళ్ళెం అడుగున నీళ్ళు చేరాయి. చేతులు కడుక్కోవడానికి అటు వెళ్ళిన తొమ్మిదో తరగతి అమ్మాయి అది చూసి నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"టీచర్, నిన్న చెప్పిన ద్రవాభిసరణ ఇదే కదా?"

"అదేనమ్మా. పలచటి వైపునుంచి చిక్కటి వైపుకి నీళ్ళు పొర దాటి పోవడమే."

"మరి ఉప్పు బదులు అంతే చక్కెర రాస్తే అన్ని నీళ్ళూ వస్తాయా?"

ఇరవై ఏళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాను. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. జవాబు చెప్పేస్తే అది అక్కడితో ఆగిపోతుందని, తనని తీసుకుని వంటగదిలోకి వెళ్ళాను. రెండు చిన్న పళ్ళేలు, ఒక్కోదాంట్లో పది చక్రాలు. ఒకదానికి చెంచాడు ఉప్పు, ఇంకోదానికి చెంచాడు చక్కెర. అరగంట తర్వాత వంచి చూస్తే ఉప్పు పళ్ళెంలో నీళ్ళు బాగా దిగాయి. చక్కెర పళ్ళెంలో అడుగు తడిసిందంతే.

మాగాయ పెట్టే ప్రతి ఇంట్లోనూ దీనికో పేరుంది. ఊట. మామిడి ముక్కలకి ఉప్పు కలిపి ఉంచితే ఊట దిగుతుంది. ముక్కలు పిండి ఎండబెడతాం, ఊటనీ ఎండలో పెడతాం. ద్రవాభిసరణ అన్న మాటకి నోరు తిరగక పిల్లలు భయపడతారు కానీ, ఊట అంటే భయపడే పిల్ల మా ఊళ్ళో లేదు. ఈ పాఠాన్ని ఇక మీద ఆ మాటతోనే మొదలుపెట్టాలని ఇవాళే నిర్ణయించుకున్నాను.

సైన్స్ ఫెయిర్‌కి ఏం చేద్దామా అని పది రోజులుగా అనుకుంటున్నాం. ప్రశ్న దొరికింది. బరువు సమానంగా తీసుకున్నా ఉప్పు ఎందుకు ఎక్కువ లాగుతుంది? ఎన్ని రెట్లు ఎక్కువ లాగుతుంది? ఆరుగురు పిల్లలు ముందుకొచ్చారు, నలుగురు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు.

నవంబర్ 8

గుడ్డుతో చేద్దామని అబ్బాయిలు పట్టుబట్టారు. పుస్తకంలో ఉన్న ప్రయోగమే. వెనిగర్‌లో రెండు రోజులు నానిస్తే పెంకులోని కాల్షియం కార్బొనేట్ బుడగలు బుడగలుగా కరిగిపోతుంది. మిగిలిన మెత్తటి గుడ్డు నీళ్ళలో వేస్తే ఉబ్బుతుంది, చిక్కటి పాకంలో వేస్తే ముడుచుకుపోతుంది. చూడడానికి చాలా బాగుంటుంది. చేయించాను కూడా.

కానీ మన ప్రశ్నకి గుడ్డు వద్దన్నాను. పెంకు కింద ఉన్న ఆ పొర కణత్వచం కాదు, అంటే బతికున్న కణాన్ని చుట్టి ఉండే ప్లాస్మా పొర కాదు. ప్రొటీన్ పోగులతో అల్లిన వల లాంటిది, అందులో ప్రాణం లేదు. మేం అడుగుతున్నది బతికున్న కణాన్ని. గుడ్డుని చూపించి "ఇదే ప్లాస్మా పొర" అంటే పిల్లలు జీవితాంతం అదే నమ్ముతారు. పోలిక కోసమైతే పర్వాలేదు. కొలత కోసం మాత్రం బతికున్న కణాలు కావాలి, అవి ఒకే రకంగా ఉండాలి, చవగ్గా దొరకాలి. అంటే బంగాళాదుంపే.

నవంబర్ 11

మొదటి ప్రయత్నం చెడిపోయింది. ఎందుకు చెడిపోయిందో వివరంగా రాస్తున్నాను. రేపు ఎవరైనా చేస్తే ఇదే గుంటలో పడకూడదు.

దుంపల్ని 5 సెంటీమీటర్ల కడ్డీల్లా కోసి, ఐదు గాఢతల చక్కెర నీళ్ళలో వేసి, మూడు గంటల తర్వాత స్కేలుతో పొడవు కొలిచాం. నీళ్ళలో వేసినది గట్టిగా, విరిచితే ఫటుక్కుమనేలా ఉంది. చిక్కటి చక్కెర నీళ్ళలో వేసినది వేలికి చుట్టుకునేంత మెత్తబడింది. చేతికి తేడా ఇంత స్పష్టంగా తెలుస్తున్నా స్కేలు మీద ఒకటి రెండు మిల్లీమీటర్లే కనిపించింది. నలుగురు కొలిస్తే నాలుగు సంఖ్యలు వచ్చాయి.

రెండో పొరపాటు, నాలుగు దుంపలనుంచి కోశాం. అందులో ఒకటి మొలక వచ్చినది. ఒక్కో దుంపలో చక్కెరలు ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఒక్కోటి ఒక్కోలా ప్రవర్తిస్తుంది. మూడోది, ఒక ముక్కకి తొక్క మిగిలిపోయింది. తొక్క బెండులా నీటిని ఆపేస్తుంది. ఈ మూడింట్లో రెండు తప్పులు నావే, ముందే చెప్పి ఉండాల్సింది.

నవంబర్ 14

బజారులో నగలు చేసే ఆయన తన పాత ఎలక్ట్రానిక్ కాటా ఇచ్చారు. గ్రాములో వందో వంతు దాకా చూపిస్తుంది. "పిల్లల చదువుకే కదమ్మా, పని అయ్యాకే ఇవ్వండి" అన్నారు. ఈ ప్రాజెక్టు నిలబడిందంటే ఆయన వల్లే.

ఈసారి పద్ధతి కట్టుదిట్టం చేశాం. పెద్ద దుంప ఒక్కటే తీసుకున్నాం. తొక్క పూర్తిగా తీసి, ఒక్కోటి 4 గ్రాముల దగ్గరగా ఉండే ముక్కలు కోశాం. ఒక్కో గ్లాసులో 200 మిల్లీలీటర్లు పోసి మూడేసి ముక్కలు వేశాం. బయటికి తీశాక ప్రతి ముక్కనీ టిష్యూ కాగితం మీద నాలుగు వైపులా ఒక్కోసారి దొర్లించి తూచాలి. అంతకన్నా ఎక్కువ అద్దకూడదు, తక్కువా అద్దకూడదు. ఈ అద్దే పని ఒకే అమ్మాయికి అప్పగించాం. ఇద్దరు అద్దితే ఇద్దరి చేతి వాటం లెక్కలోకి వచ్చేస్తుంది.

చక్కెర నీళ్ళలో మూడు గంటలయ్యాక, మూడు ముక్కల సగటు ఇలా వచ్చింది. ఉత్త నీళ్ళలో బరువు 9 శాతం పెరిగింది. 5 శాతం చక్కెరలో 4 శాతం పెరిగింది. 10 శాతంలో అర శాతం తగ్గింది. 15లో 6 శాతం, 20లో 11 శాతం తగ్గింది.

గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి కలిపితే గీత సున్నాని దాటిన చోటు తొమ్మిదిన్నరకి ఒక్క వెంట్రుకవాసి కింద. అంటే సుమారు 9.4 శాతం చక్కెర దగ్గర దుంప నీళ్ళు తీసుకోవడమూ లేదు, ఇవ్వడమూ లేదు. నిజానికి నీళ్ళు ఆగలేదు. లోపలికి ఎన్ని పోతున్నాయో బయటికీ అన్నే వస్తున్నాయి. "ఆగిపోయింది" అని రాసిన అబ్బాయితో ఆ మాట కొట్టేయించి "సరిసమానమైంది" అని రాయించాను.

నవంబర్ 16

ఇవాళ ఉప్పు. మొదట చక్కెరలాగే 5, 10, 15 శాతాలు పెడదామన్నారు. కాకరకాయ గుర్తుచేశాను. 5 శాతానికే ముక్కలు చచ్చుబడిపోతాయని ఊహించి 0, 0.5, 1, 1.5, 2 పెట్టాం. 200 మిల్లీలీటర్లలో అర శాతమంటే ఒక్క గ్రాము ఉప్పు. చిటికెడే కదా అని పిల్లలకి నమ్మకం కుదరలేదు.

ఉత్త నీళ్ళలో మళ్ళీ 9 శాతం పెరిగింది. అదే సంఖ్య రెండోసారి వచ్చినందుకు పిల్లలకన్నా నేనే ఎక్కువ సంతోషపడ్డాను. అర శాతం ఉప్పులో 3.5 పెరిగింది. 1 శాతంలో 1.5 తగ్గింది. ఒకటిన్నరలో 6 తగ్గింది, 2లో 10 తగ్గింది. గీత సున్నాని దాటిన చోటు 0.85.

చక్కెర 9.4, ఉప్పు 0.85. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే పదకొండు.

ఒక గ్రాము ఉప్పు పదకొండు గ్రాముల చక్కెర చేసే పని చేస్తోంది! బల్ల చుట్టూ ఉన్న ఆరుగురూ నా ముఖం చూశారు. "ఎందుకో ఆలోచించుకుని రండి" అని ఇళ్ళకి పంపించాను.

నవంబర్ 18

ఈ రోజు గురించి ఎక్కువ రాస్తాను.

ముందుగా మాట ఒకటి తేల్చుకోవాలి. తెలుగులో జీవకణాన్నీ కణమే అంటాం, పదార్థంలోని అతి చిన్న ముక్కనీ కణమే అంటాం. పాఠం మధ్యలో ఈ రెండూ కలిసి పిల్లలు తికమకపడతారు. అందుకే మా ప్రాజెక్టులో బతికున్నది కణం, కరిగి ఉన్న చిన్న ముక్క రేణువు. గోడ మీద రాసి అంటించాం.

పొరకి ఒకవైపు ఉత్త నీళ్ళు, ఇంకోవైపు చక్కెర కరిగిన నీళ్ళు ఉన్నాయనుకోండి. నీటి రేణువులు రెండు వైపులనుంచీ పొరని దాటుతూనే ఉంటాయి. చక్కెర దాటలేదు. చక్కెర ఉన్న వైపు నీటి రేణువుల జోరు తగ్గుతుంది కాబట్టి అటునుంచి ఇటు వచ్చేవి తక్కువ, ఇటునుంచి అటు పోయేవి ఎక్కువ. మొత్తం మీద నీళ్ళు చక్కెర వైపే చేరతాయి. అంతవరకూ పిల్లలకి తెలుసు. తెలియనిది ఒకటే. ఈ లెక్కలో చూడాల్సింది చక్కెర బరువా, చక్కెర రేణువుల సంఖ్యా?

"సంఖ్య అనుకుందాం" అంది మొదట ప్రశ్న అడిగిన అమ్మాయి. చక్కెర అణుభారం, అంటే ఒక్క రేణువు బరువుని చెప్పే అంకె, 342. ఉప్పుది 58.5. ఒకే బరువు తీసుకుంటే ఉప్పులో రేణువులు 342ని 58.5తో భాగించినన్ని రెట్లు ఎక్కువ. బోర్డు మీద భాగించింది. 5.85 వచ్చింది.

గది నిశ్శబ్దమైపోయింది. మా కొలత పదకొండు, లెక్క ఆరు కూడా లేదు. ఒకబ్బాయి "మనం తూచడంలో తప్పు చేశామేమో" అన్నాడు. నేను నోరు మెదపలేదు. చెప్పేయాలని నాలుక చివరిదాకా వచ్చింది. రెండు మూడు నిమిషాలు గడిచాయి. వెనక బల్ల మీద కూర్చునే అమ్మాయి, తరగతిలో ఎప్పుడూ చెయ్యి ఎత్తదు, నెమ్మదిగా అంది.

"టీచర్, ఉప్పు నీళ్ళలో పడితే ఒక్కటిగా ఉండదు కదా. సోడియం, క్లోరిన్ విడిపోతాయని ఫిజిక్స్ సారు చెప్పారు."

5.85ని రెండుతో గుణిస్తే 11.7. మా కొలత 11.1.

బోర్డు దగ్గర ఉన్న పిల్ల సుద్దముక్క కింద పెట్టి చప్పట్లు కొట్టింది. నాకు కళ్ళు చెమర్చాయి. వంటగదిలోని కాకరకాయ, ఒక కాటా, ఒక దుంప కలిసి ఉప్పు నీళ్ళలో రెండుగా విడిపోతుందని చూపించాయి. కంటికి కనపడని సంగతిని ఈ పిల్లలు తూచి పట్టుకున్నారు.

లీటరుకి ఎన్ని రేణువులో కూడా లెక్కేశాం. డజనులాగే రేణువుల్ని లెక్కపెట్టే కొలత మోల్, అందులో వెయ్యో వంతు మిల్లీమోల్. లీటరుకి 94.4 గ్రాముల చక్కెరంటే 276 మిల్లీమోల్‌లు. లీటరుకి 8.5 గ్రాముల ఉప్పంటే 145 మిల్లీమోల్‌లు, విడిపోతే 290. రేణువుకో తల అనుకుంటే, దుంపకి 276 చక్కెర తలలూ, 290 ఉప్పు తలలూ దాదాపు ఒక్కటే. దుంప బరువు చూడదు, తలలు లెక్కపెడుతుంది. బోర్డు మీద పిల్లలు రాసుకున్న మాట ఇది. ప్రాజెక్టుకి పేరు కూడా అదే పెట్టాం.

నవంబర్ 21

పిల్లలు చేసింది చిన్న పని కాదని వాళ్ళకి తెలియాలి. అందుకే ఇవాళ హ్యూగో డి వ్రీస్ గురించి చెప్పాను. హాలండ్ వృక్షశాస్త్రవేత్త. 1880ల్లో ఆయన ఆకుల కణాలతోనే వేర్వేరు లవణాల లాగుడు శక్తిని పోల్చాడు. కొన్ని లవణాలు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ లాగుతున్నాయని గమనించాడు. అంతకుముందు 1877లో జర్మనీకి చెందిన విల్హెల్మ్ ఫెఫర్ ద్రవాభిసరణ పీడనాన్ని కొలిచాడు. ఆ కొలతల సంగతి రసాయన శాస్త్రవేత్త వాంట్ హాఫ్‌కి చెప్పినది డి వ్రీసే. వాంట్ హాఫ్ వాటితో సూత్రం కట్టి, 1901లో రసాయన శాస్త్రానికి ఇచ్చిన మొట్టమొదటి నోబెల్ అందుకున్నాడు. లవణాలు నీళ్ళలో అయాన్లుగా, అంటే విద్యుదావేశం ఉన్న రేణువులుగా, విడిపోతాయని 1887లో స్వీడన్ శాస్త్రవేత్త అరీనియస్ అన్నప్పుడు ఆయన వాదానికి బలమిచ్చిన సాక్ష్యాల్లో మొక్కల కణాలూ ఉన్నాయి. రసాయన శాస్త్రానికి ఒక మెట్టు కట్టింది ఆకులే!

డి వ్రీస్ వాడిన మొక్కల్లో ఒకటి మా బడి గేటు పక్కనే ఉంది. ఆకు పైన పచ్చగా, అడుగున ఊదా రంగుగా ఉంటుంది, రియో. అడుగు పొర గోటితో లాగి, మైక్రోస్కోపు కింద నీటి చుక్కలో పెట్టాం. ఊదా రంగు నిండిన గదులు ఇటుకల్లా పేర్చినట్టు కనిపించాయి. కవర్ స్లిప్ అంచున 5 శాతం ఉప్పు నీళ్ళ చుక్క వేసి, ఇంకో అంచునుంచి కాగితంతో పీల్చాం. రెండు మూడు నిమిషాల్లో ఊదా ముద్ద గోడనుంచి ఊడి మధ్యకి ముడుచుకుంది. గోడలు కదల్లేదు. ఒక్కొక్కళ్ళూ కన్ను పెట్టి చూసి వెనక్కి జరుగుతుంటే వాళ్ళ ముఖాలే చూస్తూ కూర్చున్నాను. మళ్ళీ ఉత్త నీళ్ళు పంపితే ముద్ద నిండుకుని గోడకి ఆనుకుంది. చచ్చిపోలేదు, మళ్ళీ తేరుకుంది.

నవంబర్ 25

అడుగున ఉండాల్సిన ప్రశ్నని ఇవాళ ఒకబ్బాయి లాగాడు. "టీచర్, చక్కెర ఎందుకు దాటలేదు? పొరలో ఏముంది?"

బీట్‌రూట్ తెచ్చాం. ముక్కలు కోసి, కోతలో తెగిన కణాల రంగంతా పోయేదాకా కడిగాం. ఒక ముక్క మామూలు నీళ్ళలో, ఒకటి 40 డిగ్రీల నీళ్ళలో, ఒకటి 70 డిగ్రీల నీళ్ళలో, ఒకటి చేతులకి రాసుకునే శానిటైజర్‌లో వేశాం. ముందు రోజు రాత్రి మా ఇంటి ఫ్రిజ్‌లో గడ్డకట్టించి కరిగించిన ముక్క ఐదోది. మొదటి రెండూ దాదాపు తెల్లగానే ఉన్నాయి. మిగిలిన మూడు గ్లాసులూ రక్తంలా ఎర్రబడ్డాయి.

రంగు ఎప్పుడూ అక్కడే ఉంది. దాన్ని పట్టి ఉంచినది పొర. ఆ పొర రెండు వరసల కొవ్వు రేణువులతో అయినది. నీళ్ళంటే ఇష్టమున్న తలలు బయటికి, నీళ్ళంటే గిట్టని తోకలు లోపలికి తిరిగి ఉంటాయి. మధ్యలో ప్రొటీన్లు ఉంటాయి. వేడికి పొర చెదురుతుంది, ప్రొటీన్లు చెడిపోతాయి. శానిటైజర్‌లోని ఆల్కహాల్ కొవ్వు వరసల్ని విడగొడుతుంది. గడ్డకట్టినప్పుడు మంచు ముళ్ళు పొరని చీల్చేస్తాయి. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ లాంటి చిన్న రేణువులు ఈ కొవ్వులోంచి నేరుగా దాటిపోతాయి. చక్కెరా సోడియమూ దాటలేవు, వాటికి ప్రొటీన్ తలుపులు కావాలి. నీళ్ళకీ ప్రత్యేకమైన తలుపులున్నాయి, ఆక్వాపోరిన్లు. 1992లో పీటర్ ఏగర్ బృందం వాటి పని రుజువు చేసింది, 2003లో ఆయనకి నోబెల్ వచ్చింది.

రుజువుకి దుంపతో రెండు గిన్నెలు చెక్కాం, ఒకటి పచ్చిది, ఒకటి ఉడికించినది. రెండింట్లో చెంచాడు చక్కెర వేసి నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టాం. బడి వదిలే వేళకి పచ్చి గిన్నెలో నీళ్ళు నిండుగా ఊరాయి. ఉడికిన దాంట్లో ఊట లేదు. ఊట దిగాలంటే కొన్నిటిని రానిచ్చి కొన్నిటిని ఆపే పొర ఉండాలి. ఉడికిన దుంపలో ఆ కాపలా లేదు.

నవంబర్ 29

మా ఊరు భీమవరం పక్కన. మా ఆరుగురిలో ఇద్దరి ఇళ్ళల్లో రొయ్యల చెరువులున్నాయి. ఇవాళ ఒకమ్మాయి వాళ్ళ నాన్నగారి చెరువు గట్టు మీదికి వెళ్ళాం. ఆయన ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ గాజు మీద చెరువు నీళ్ళ చుక్క వేసి పిల్లలందరికీ వెలుగులో పెట్టి చూపించారు. 6 పీపీటీ, అంటే లీటరుకి 6 గ్రాముల ఉప్పు. సముద్రపు నీళ్ళు 35 దగ్గర ఉంటాయి.

ఈ చెరువుల్లో పెంచే వెనామీ రకం రొయ్య రక్తానికీ నీటికీ తలల లెక్క సరిపోయేది సుమారు 25 పీపీటీ దగ్గర. 6లో బతికే రొయ్యలోకి నీళ్ళు రాత్రీ పగలూ చొరబడుతూనే ఉంటాయి. ఒంట్లో ఉప్పు బయటికి జారిపోతూ ఉంటుంది. రొయ్య మొప్పలతో ఉప్పుని మళ్ళీ లోపలికి లాక్కుంటూ బతకాలి. పల్లంలోంచి మిట్టకి నీళ్ళు తోడినట్టు ఎదురు పని ఇది, శక్తి ఖర్చు పెట్టక తప్పదు.

"మేడమ్ గారండీ, బోరు నీళ్ళ చెరువులో సెలైనిటీ ఉన్నా రొయ్య నీరసించిపోతదండీ. పొటాష్ చల్లితే తేరుకుంటదండీ. ఎందుకో మాకు తెలవదు, అలవాటంతే" అన్నారాయన.

ఆ ఎందుకో చెప్పగలిగినందుకు నాకు ఎంత తృప్తిగా ఉందో. పొటాష్ అంటే పొటాషియం ఉన్న లవణం. సముద్రంలో సోడియం పొటాషియానికి సుమారు 28 రెట్లు. చాలా చోట్ల బోరు నీళ్ళలో పొటాషియం అంతకన్నా బాగా తక్కువ. ఉప్పుని ఎదురు తోడే మోటారు, సోడియం పొటాషియం పంపు. కణంనుంచి మూడు సోడియాలు బయటికి తోసి రెండు పొటాషియాలు లోపలికి తెస్తుంది. పొటాషియం లేకపోతే ఆ మోటారు తిరగదు. ఈ పంపుని 1957లో జెన్స్ స్కో అనే డెన్మార్క్ శాస్త్రవేత్త కనుక్కున్నది పీత కాళ్ళ నరాల్లో. రొయ్యకి దగ్గరి చుట్టమే. ఆయనకి నోబెల్ 1997లో వచ్చింది.

ఆ మోటారుకి ఇంధనం ఏటీపీ, కణాలు తమ పనులకి శక్తిని తీసుకునే రేణువు. 1929లో ఏటీపీని జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో సైరస్ ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా బయటపెట్టారు. సుబ్బారావు గారు పుట్టింది 1895లో, మా భీమవరంలోనే. గట్టు మీద నిలబడి ఈ మాట చెబుతుంటే రైతు గారు ఏరియేటర్ ఆపించి మరీ విన్నారు. "మన ఊరాయనా అండీ" అని రెండుసార్లు అడిగారు.

ఈ పంపుని బడిలో చూపించే ప్రయోగం మాకు చేతకాలేదు. ఛార్టు మీద "మేము చేసి చూసినవి" అని ఒక వరస, "చదివి తెలుసుకున్నవి" అని ఒక వరస విడిగా పెట్టాం. పంపు రెండో వరసలో ఉంది.

డిసెంబర్ 3

లెక్క నిజమైతే ముందే చెప్పగలగాలి. గ్లూకోజ్ అణుభారం 180, విడిపోదు. దుంపకి 276 తలలు చాలంటే లీటరుకి 49.7 గ్రాములు, అంటే 5 శాతం దగ్గర గీత సున్నాని దాటాలి. ఈ సంఖ్యని కాగితం మీద రాసి, అందరిచేతా సంతకాలు పెట్టించి, అప్పుడు ప్రయోగం మొదలుపెట్టాం.

వచ్చింది 5.4.

పిల్లలు నిరుత్సాహపడ్డారు, నేను పడలేదు. అంత తేడా తూచడంలో వచ్చేది కాదు, కారణం ఉండి తీరాలి. రాత్రి కూర్చుని చూస్తే తెలిసింది. అంగట్లో దొరికే గ్లూకోజ్ పొడిలో సాధారణంగా ప్రతి గ్లూకోజ్ రేణువుకీ ఒక నీటి రేణువు అంటుకుని ఉంటుంది. అణుభారం 198 అవుతుంది. 276కి లెక్కేస్తే లీటరుకి 54.6 గ్రాములు. 5.4కి అంత దగ్గర! పొద్దున్నే చెబితే సంతకాల కాగితం తీసి, 5 కొట్టేయకుండా పక్కనే 5.46 అని రాసి, కారణం కింద రాశారు.

ఒకమ్మాయి వాళ్ళ అమ్మగారు నర్సు. సెలైన్ సీసాల మీద ఉండే రెండు సంఖ్యలు తను గుర్తుచేసింది. ఉప్పు సీసా 0.9 శాతం, గ్లూకోజ్ సీసా 5 శాతం. మనిషి రక్తం లెక్క సుమారు 290. రెండు సీసాల్లో బరువులు ఎంత తేడాగా ఉన్నా తలలు దాదాపు అంతే. ఉత్త నీళ్ళు నరంలోకి ఎక్కిస్తే ఎర్ర రక్తకణాలు ఉబ్బి పగిలిపోతాయి. వాటికి రియో ఆకు కణంలా గోడ లేదు.

డిసెంబర్ 6

"విరేచనాలైతే ఉప్పు నీళ్ళు ఇస్తే చాలదా టీచర్, ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజ్ ఎందుకు? రుచికా?" ఈ ప్రశ్నకి జవాబు ఎన్ని ప్రాణాలు కాపాడిందో లెక్కలేదు.

పేగు గోడలోని కణాల మీద ఒక తలుపుంది. సోడియం, గ్లూకోజ్ జతగా వస్తేనే తెరుచుకుంటుంది. 1960లో రాబర్ట్ క్రేన్ ఈ సంగతి చెప్పాడు. కలరా విషం పేగులోంచి ఉప్పునీ నీళ్ళనీ బయటికి పారిస్తున్నా ఈ తలుపు మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. గ్లూకోజ్ తోడొస్తే సోడియం లోపలికి పోతుంది, వెనకాలే నీళ్ళు పోతాయి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధంలో శరణార్థులు పశ్చిమ బెంగాల్లోని బన్‌గావ్ శిబిరంలో కలరాతో పడిపోతుంటే, సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ లీటరు నీళ్ళకి 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా కలిపించి, తాగించే పనిని రోగుల బంధువులకే అప్పగించాడు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి. 2023లో ఆయనకి మరణానంతరం పద్మవిభూషణ్ ఇచ్చారు.

ఇప్పటి ఓఆర్‌ఎస్ పొట్లం మీద రాసి ఉన్నవి తీసుకుని పిల్లలే తలలు లెక్కపెట్టారు. లీటరుకి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9. సోడియం 75, గ్లూకోజ్ 75, క్లోరైడ్ 65, పొటాషియం 20, సిట్రేట్ 10. మొత్తం 245. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే సంఖ్య కూడా అదే. సోడియం, గ్లూకోజ్ సరిగ్గా జతకి జత ఉన్నాయని పిల్లలే పట్టుకున్నారు. పాత పొట్లంలో మొత్తం 311 ఉండేది, 2000 తర్వాత తగ్గించారు. 311 రక్తం కన్నా చిక్కన, 245 పలచన. పలచనైతే నీళ్ళు పేగులోంచి రక్తం వైపే మొగ్గుతాయి. ఊట తిరిగే దిక్కుని పొట్లం మీది సంఖ్యలోనే చదవగలిగారు.

డిసెంబర్ 9

రేపు ఫెయిర్. ఛార్టులు అయిపోయాయి, కాటా తుడిచి పెట్టెలో పెట్టేశాం. సాయంత్రం మొదటి ప్రశ్న అడిగిన అమ్మాయి పెట్టె మళ్ళీ తీసింది.

"టీచర్, దుంప 276, ఓఆర్‌ఎస్ 245. ఓఆర్‌ఎస్‌లో దుంప వేస్తే కొంచెమే, ఒక శాతం పెరగాలి. చూద్దామా?"

పొట్లం చింపి లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపాం. మూడు ముక్కలు తూచి వేశాం. మిగతా పిల్లలు వెళ్ళిపోయారు. తన అన్నయ్య సైకిలు మీద వచ్చి వరండాలో కూర్చున్నాడు. మూడు గంటలు గడిచేసరికి చీకటి పడింది. తను దొర్లించి అద్దుతుంటే నేను సెల్ లైటు పట్టుకున్నాను.

4.02 గ్రాములది 4.06. 3.97ది 4.02. 4.10ది 4.13.

పుస్తకంలో ఆఖరి పేజీలో రాసి, తేదీ వేసి, నా సంతకం అడిగింది.